నాయనమ్మ చుట్ట కాల్చిన రాయి

రాయి కోత మొదలైందని మా తమ్ముడు కిశోర్ ఫోన్ చేసినప్పుడు నేను మధురానగర్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద నిలబడి, నీళ్ళ మోటారు విషయంలో అసోసియేషన్ సెక్రెటరీతో పోట్లాడుతున్నాను. గెలిచే పోట్లాటని సగంలో వదిలేసి ఆటో ఎక్కానంటే సంగతి చిన్నది కాదని నన్నెరిగినవాళ్ళు పోల్చుకుంటారు. జూబిలీ హిల్స్‌లో మా నాన్న కట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. అపార్ట్‌మెంట్లు కట్టమని బిల్డర్‌కి ఇచ్చేశాం. ఆ ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకూ అందులో ఒక ఫ్లాట్ వస్తుంది, కాబట్టి ఇల్లు పోయిందని కన్నీళ్ళు పెట్టుకునే మొహం నాకు లేదు, పెట్టుకోనూ లేదు. ఇంటి వెనకాల రాయి సంగతి వేరు. మా డాబా కంటే ఎత్తుగా, ఏనుగు అలిగి అటు తిరిగి కూచున్నట్టుండే రాయి అది. బిల్డర్ మొదట చూపించిన రంగుల బొమ్మలో ఆ రాయి చుట్టూ పచ్చగడ్డి ఉంది, గడ్డి మీద ఎవరో తెల్లవాళ్ళ పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. ఆ తర్వాత ఎవరికో గుర్తొచ్చిందట, సెల్లార్లలోకి కార్లు దిగాలంటే ర్యాంపు కావాలని. ఆ ర్యాంపు సరిగ్గా ఏనుగు కడుపులోంచి వెళ్ళాలట.

ఇప్పుడు మందుపెట్టి పేల్చడానికి లేదు, చుట్టుపక్కల అద్దాల మేడలు. అందుకని వజ్రపు పూసలు గుచ్చిన ఇనపతీగ ఒకటి రాయి చుట్టూ తిప్పి, మోటారుకి తగిలించి, నీళ్ళు పోస్తూ కోస్తారు. వెన్నముద్దని దారంతో కోసినట్టు కోస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళలాంటి బురద కాలవ కట్టి గేటు దాకా వస్తోంది. నేను వెళ్ళేసరికి ఒక మూల పూర్తిగా కోసి పక్కకి తీశారు. ఆ కోసిన ముఖాన్ని చూసి నేను చెప్పులు బురదలో వదిలేసి దగ్గరికి నడిచాను. చదువుకునే రోజుల్లో ఆ రాయిలోంచి అరచేతి ముక్క కొట్టుకుంటానని కాళ్ళావేళ్ళా పడితే మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు పరుపంత ముఖం, అద్దంలా, తడిసి మెరుస్తూ నా ముందు నిలబడింది.

గులాబీ చాయ గ్రానైట్ మధ్యలో నల్లటి బండ ఒకటి. మాకు బయటికి కనపడే నల్లమచ్చ పళ్ళెమంతే ఉండేది. లోపల అది పడుకున్న గేదెంత ఉంది. దాని ఒంట్లోకి తెల్లటి నరాలు దూరాయి. అంచులు కత్తిరించినట్టు లేవు, నీళ్ళలో నానిన అట్టముక్క అంచుల్లా చీరుకుపోయి ఉన్నాయి. ఒకచోట చిన్నచిన్న తునకలు పెద్దబండ నుంచి విడిపోయి, గులాబీరంగులోకి కొట్టుకుపోయి, వెళ్ళేకొద్దీ పలచబడి, ఆఖరికి నీడల్లా మిగిలాయి. ఇవన్నీ నేను పాఠ్యపుస్తకంలో నల్లగీతల బొమ్మలుగా చూసి, పరీక్షలో గీసి, తర్వాత డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసినవే. జియాలజీకి పిల్లలు చేరడం లేదని మా డిపార్ట్‌మెంట్ మూసేశారు. భూమ్మీద చదవాల్సినవన్నీ చదివేశామనుకున్నారు కాబోలు. నా డ్రాయింగ్ ఎప్పుడూ ఘోరం. నా బొమ్మల్లో ఇలాంటి నల్లబండ ఆలూ బోండాలా ఉంటుందని పిల్లలు వెనక బెంచీల్లో నవ్వుకునేవారు.

ఆ రాయి మా నాయనమ్మది. కాగితాల మీద నాన్నది, హక్కు మాత్రం ఆవిడది. తాతయ్య పోయాక అనకాపల్లి పక్క పల్లెటూరి నుంచి ఆవిడని నాన్న తీసుకొచ్చాడు. నాన్న ప్రొడక్షన్ మేనేజరు. సినిమావాళ్ళు మద్రాసు నుంచి హైదరాబాదుకి మకాం మారుస్తుంటే వాళ్ళతోపాటు వచ్చి, ఈ గుట్టల మీద రాళ్ళ మధ్య స్థలం కొన్నాడు. అప్పుడు ఇక్కడ ఇల్లు కట్టుకోవడమంటే కొండముచ్చులతో కాపురమని మా అమ్మ పుట్టింటివాళ్ళు వెక్కిరించారట. నాయనమ్మ ట్రంకుపెట్టెతో పాటు రెండు వాసనలు వచ్చాయి. ఒకటి కొత్తబెల్లం, రెండోది చుట్ట. ఆవిడది మామూలు చుట్ట కాదు, అడ్డపొగ. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, ముక్కులోంచి పొగ వదిలేది. నోట్లో నిప్పు పెట్టుకునే బియ్యంలో రాళ్ళేరేది. చుట్ట తియ్యకుండానే మా అమ్మ వంటకి వంకలు పెట్టేది. అమ్మకి ఆవిడ అడ్డపొగ అంటే ఇష్టమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకంటే, చుట్ట వెలుగుతున్నంతసేపూ వంకలు సగం మాటల్లోనే తెమిలిపోయేవి.

నాన్నకి ప్రాణసంకటం. హాల్లో నిర్మాతలు, హీరోల తాలూకు మనుషులు కూచునేవారు. మధ్యలో తన తల్లి ముక్కులోంచి పొగ వదులుతూ నడిచొస్తే ఎలా? హాల్లో వద్దన్నాడు, వరండాలో వద్దన్నాడు, గేటులోంచి కనపడే ఏ చోటా వద్దన్నాడు. అన్నీ వద్దనగా ఆవిడకి మిగిలింది రాయి వెనకాలే. అక్కడ కుర్చీలా గుంటపడిన చోటుంది. వెనక సరిగ్గా వీపు ఆనేచోట ఆ నల్లమచ్చ. పగలంతా ఎండకి కాగి సాయంత్రం గోరువెచ్చగా ఉండేది. నడుంనొప్పికి కాపడం అని ఆవిడ వాదన. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, దీపాల వేళ దాకా నాయనమ్మ చిరునామా అదే.

అక్కడికే లచ్చమ్మ వచ్చేది. లచ్చమ్మది రహమత్ నగర్ దిగువన గేదెల పాక. ఆ గుట్టకి ప్లాట్లు పడకముందు ఆమె గేదెలు మేసింది అక్కడే, ఒళ్ళు గీరుకుంది ఆ రాతికే. నాన్న ప్రహరీ కట్టినా గేదెలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పాలు పొయ్యడానికి వెనక గేటులోంచి లచ్చమ్మ వస్తే ఆమె వెనకే ఒక గేదె కూడా వచ్చి, రాతికి రుద్దుకుని, పని పూర్తిచేసుకుని వెళ్ళేది. మొదటిరోజే లచ్చమ్మ నాయనమ్మ నోటి వంక చూసి, నోట్లె నిప్పేందమ్మా, కడుపు గాలదా అని అడిగిందట. కడుపెప్పుడో కాలిపోనాది, ఇప్పుడు నోరు కాపుకుంతన్నానని నాయనమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు, ఒక్క సాయంత్రం మానేవారు కాదు.

నాన్నకి డబ్బింగ్ థియేటర్ కట్టాలని బుద్ధి పుట్టింది. చోటు కావాలంటే రాయి పోవాలి. మనుషులొచ్చి, రాయి చుట్టూ తిరిగి, మందు పెట్టాల్సినచోట తెల్ల సున్నంతో గుర్తులు పెట్టి వెళ్ళారు. నాయనమ్మ ఆ రాత్రి అన్నం కలుపుతూ కొడుకుని ఒక్కటే అడిగింది.

"మరి నానెక్కడ కూకోవాలిరా?"

"గదిలో కూచో అమ్మా. ఫ్యాన్ వేయించాను కదా."

గదిలో ఫ్యాన్ ఉంది, మంచం ఉంది, కిటికీ ఉంది. చుట్ట లేదు, లచ్చమ్మ లేదు. గేదెని గదిలోకి రానివ్వరు కదా. ఆవిడకి ఆ కొండమీద మిగిలిన ఒక్క చోటు ఆ గుంట. అది పోతే ఆవిడ ఆ ఇంట్లో బీరువా పక్కన ఇంకో బీరువా.

రాళ్ళు కొట్టేవాళ్ళు రావడానికి ముందు నాన్న ఒక తెలివైన పని చేశాడు. ఎలాగూ పగలగొట్టేదే కదా అని, తెలిసిన కంపెనీకి ఆ వెనక పెరడు షూటింగ్‌కి ఇచ్చాడు. కొండమీద అమ్మవారి ముందు హీరోయిన్ మొక్కుకునే సీను, సినిమాకి ఓపెనింగ్ షాట్ కూడా అదే. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి, అంత రాతిలో ఆ నల్లమచ్చనే ఎంచుకుని, దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, రేకు కత్తిరించి వెండిరంగు వేసిన కళ్ళు రెండు అతికించి, వేపమండలు కట్టారు. నిజం చెప్పాలంటే భయం వేసింది. పొద్దున్నదాకా నాయనమ్మ వీపు ఆనించి చుట్ట కాల్చిన చోట అమ్మవారు గుడ్లురిమి చూస్తోంది. కొబ్బరికాయ కొట్టారు, క్లాప్ కొట్టారు, ఇడ్లీలు తిన్నారు, సాయంత్రానికి సర్దుకున్నారు. రాయి కడగడానికి బక్కెట్టు పట్టుకొచ్చిన వాడిని నాయనమ్మ ఆపి, నాను కడుక్కుంటాను లే నాయినా, నువ్వెల్లు అంది. కడగలేదు. మర్నాడు శుక్రవారం. తలంటుకుని, కొత్తగా పసుపు పూసింది.

రాళ్ళు కొట్టేవాళ్ళు వచ్చి ఆ కళ్ళని చూసి సమ్మెట దించి నిలబడ్డారు. నాన్న అది వేషమని, రేకు కళ్ళని, తానే బిల్లు ఇచ్చానని చెప్పాడు. వాళ్ళు విన్నారు, తలూపారు, వెళ్ళిపోయారు. ఇంకోళ్ళని మాట్లాడుదామని నాన్న అనుకుంటుండగా సినిమా విడుదలై విరగబడి ఆడింది. ఇక చూసుకోండి. ఫిల్మ్ నగర్‌లో సెంటిమెంట్ అనే మాటకి అర్థం నిఘంటువుల్లో దొరకదు. కథ బాగుంది కాబట్టి ఆడింది అనుకుంటే మర్యాద తక్కువ. రాయి బాగుంది కాబట్టి ఆడింది. వారం తిరక్కుండా ఇంకో నిర్మాత పూలదండతో దిగాడు, ఆయన వెనక మరొకాయన. అది ఎవరు చేసిన అమ్మవారో అందరికీ తెలుసు, ఆ రేకు కత్తిరించిన మనిషి అదే వీధిలో టీ తాగుతూ కనపడతాడు. ఆ మనిషే, తనకి ఆర్ట్ డైరెక్టర్‌గా మొదటి అవకాశం వచ్చినప్పుడు, స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని వచ్చి తాను కత్తిరించిన కళ్ళకి దణ్ణం పెట్టుకున్నాడు. నేను డాబా మీంచి చూసి పగలబడి నవ్వాను. ఆయన పైకి చూసి, నవ్వకమ్మా, చూస్తోంది అన్నాడు, చాలా సీరియస్‌గా.

వచ్చినవాళ్ళందరూ ముందు అడిగేది ఒకటే. ఏ అమ్మవారండీ? నాయనమ్మకి తెలిసిన అమ్మవారు నూకాలమ్మ, అదే చెప్పింది. లచ్చమ్మకి మండింది. మా జాగల నీ అమ్మవారేంది, గీమె మైసమ్మ, మా అత్త కాలం సంది మైసమ్మే అని ఆషాఢంలో బోనం కూడా తెచ్చింది. మీ అత్త కాలంలో ఇక్కడ గేదెలు గీరుకునేవన్నావు కదే అని నాయనమ్మ. గీరుకుంటే ఏంది, మైసమ్మకు బర్లంటే ప్రేమ అని లచ్చమ్మ. వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు వచ్చినవాళ్ళు కంగారుపడిపోతుంటే, నాయనమ్మ ఒక పద్ధతి కనిపెట్టింది. ఏ అమ్మవారండీ అని అడగ్గానే చుట్ట తీసి పక్కన పెట్టి, "మీదే ఊరు బాబూ?" అని అడిగేది. భీమవరం అంటే మావుళ్ళమ్మ, నెల్లూరంటే పోలేరమ్మ, గుంటూరు పక్కలంటే గంగానమ్మ, తెలంగాణ ఏ జిల్లా అయినా మైసమ్మ. ఆ మనిషికి ఒళ్ళు పులకరించేది. ఇంత పరాయి ఊళ్ళో, రాళ్ళ మధ్య, తన ఊరి తల్లి! దండ వేసి, సినిమా మొదలుపెట్టడానికి ధైర్యంగా వెళ్ళిపోయేవాడు. లచ్చమ్మ పళ్ళికిలించి నవ్వేది. నువ్వు సిన్మాలల్ల జేరాల్సిందానివే ముసల్దానా అనేది.

నాన్న ఒక్కడే మొక్కలేదు. ఎలా మొక్కుతాడు, పసుపు ఎంత పట్టిందో తెలిసినవాడు. ఆయన కూడా ఒకసారి సొంతంగా సినిమా తీశాడు. ఊరందరికీ అదృష్టం పంచే రాయిని పెరట్లో పెట్టుకుని, పౌరుషానికి పోయి, ఓపెనింగ్ పెద్ద స్టూడియోలో షామియానా వేసి చేశాడు. వారం ఆడలేదు. కథ అంతా హీరోగారి బావమరిది రాసింది, సెకండాఫ్‌లో చచ్చిపోయిన పాత్ర క్లైమాక్స్‌లో కనపడుతుంది. దాని గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో ఉన్న తల్లిని వదిలి బయట కొబ్బరికాయ కొట్టాడట, అందుకని పోయిందట. పరామర్శకి వచ్చిన ప్రతివాడూ ఇదే అని, ఇడ్లీ తిని వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఒక పొద్దున నాన్న పెరట్లోకి వెళ్ళడం చూశాను. రాయి ముందు నిలబడి అటూ ఇటూ చూసి చెప్పులు విప్పాడు. డబ్బింగ్ థియేటర్ మాట మళ్ళీ ఎత్తలేదు. నాయనమ్మ గుంట ఆవిడకి దక్కింది.

ఈ మొత్తం భాగోతం మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, లోకంలో నాకు తెలియనిది లేదు. మా లెక్చరర్ మేడమ్, గ్రానైట్‌లో పాతరాయి ముక్క ఇరుక్కుని ఉంటే, ఆ రెండూ కలిసే అంచు ఉన్న నమూనా తెమ్మన్నారు. సుత్తి, ఉలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నాయనమ్మ గుంటలో కూచుని ఉంది, లచ్చమ్మ కింద చతికిలబడి ఉంది, అమ్మ అప్పుడే పాకం గారెలు పంపింది. ఉలి చూడగానే ఇద్దరూ జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీదకి వచ్చారు. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతామన్నారు.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇది అమ్మవారు కాదు, పాతరాయి. ఈ గుట్టలన్నీ ఒకప్పుడు భూమి లోపల, మైళ్ళ లోతున, కరిగి ముద్దలా ఉండేవి. అది పైకి తోసుకొచ్చింది. పైన అప్పటికే ఉన్న రాళ్ళు అడ్డొస్తే వాటిని కాల్చింది, పగుళ్ళలోకి దూరింది, పెళ్ళలు ఊడదీసి లోపలికి లాక్కుంది. కొన్ని పూర్తిగా కరిగిపోయాయి. ఇదొకటి కరక్కుండా మిగిలిపోయింది. అయినా పైకి వచ్చి కక్కలేదు. కక్కితే అగ్నిపర్వతం. ఇది నోట్లోనే నిప్పు పెట్టుకుని, నోరు మూసుకుని, లక్షల ఏళ్ళు నెమ్మదిగా చల్లారింది, అందుకే ఇంత గట్టి, ఇంతింత పలుకులు. ఇక్కడికి వచ్చేసరికి లచ్చమ్మ నాయనమ్మ మొహం వంక చూసి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నీ లెక్కనే గద అంది.

నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఇంట్లోవాళ్ళ కోసం తియ్యడం మామూలు విషయం కాదు.

"గుంటా, ఒకటి సెప్పు. ఈ నల్లరాయి ముందా, సుట్టూ ఉన్నదా?"

"నల్లదే ముందు. చుట్టూ ఉన్నది తర్వాత వచ్చింది. నీ చేతిలో పాకం గారె ఉంది చూడు, గారె ముందు, పాకం తర్వాత. కాకపోతే మనం గారెని పాకంలో వేస్తాం, ఇక్కడ పాకమే వచ్చి గారె మీద పడింది."

"మరి మీ బళ్ళో దీన్నేటంటారు?"

"జెనోలిత్. అంటే పరాయి రాయి."

లచ్చమ్మ లేచి నిలబడింది. ఆమె నవ్వు పోయింది.

"ముందుగాల ఉన్నది పరాయిదా? ఎనుక ఒచ్చి సుట్టూ కూసున్నది ఇంటామె అయిందా? ఎవల్రా నీకు సదువు జెప్పింది?"

పేరు పెట్టినవాళ్ళు గ్రానైట్ వైపు నిలబడి చూసి పెట్టారు, ఎందుకంటే గ్రానైట్ ఎక్కువుంది. నేను ఏదో గొణిగాను, శాస్త్రంలో అలాగే అంటారని. నాయనమ్మ లచ్చమ్మ వంక చూసింది, తర్వాత ప్రహరీ వంక చూసింది, ఆ ప్రహరీ కొడుకు కట్టిందే. చేతిలోని గారె సగం తుంచి లచ్చమ్మ చేతిలో పెట్టింది. "ఎల్లే, నీ ఉలి నువ్వు పట్టుకెల్లు" అని నాతో అంది. నమూనా లేకుండా వెళ్ళి, మేడమ్ దగ్గర మార్కులు పోగొట్టుకున్నాను.

తర్వాత వాళ్ళిద్దరి మాటలు ఎవరివి ఎవరివో చెప్పలేనంతగా కలిసిపోయాయి. నాయనమ్మ జర ఆగు, ఫికర్ చెయ్యకు అనేది. లచ్చమ్మ తన గేదెల్ని ఏటే, ఎల్లవేటే అని అదిలించేది, ఆ మాట రహమత్ నగర్‌లో ఎవరికీ అర్థమయ్యేది కాదట, గేదెలకి తప్ప. నాయనమ్మ పోయినరోజు, అందరూ ముందు వాకిట్లో ఉంటే నేను వెనక్కి వెళ్ళాను. లచ్చమ్మ ఒక్కతే రాయి దగ్గర ఉంది. నాయనమ్మ పెట్టెలోంచి ఎప్పుడు తీసిందో, చుట్ట వెలిగించడానికి అవస్థ పడుతోంది. వెలిగించి, ఒక దమ్ము లాగి, కళ్ళనీళ్ళు వచ్చేలా దగ్గి, దాన్ని తెచ్చి ఆ గుంటలో పెట్టింది. నిప్పు కొస లోపలివైపుకి తిప్పి పెట్టింది, నల్లమచ్చకి ఆనించి. నన్ను చూసి, పొగ కండ్లల్ల వడ్డది అంది. తర్వాత, మీ ఇంట్ల పాలు జర తక్కువ పొయ్యాలె ఇంక అంది.

ఆ తర్వాత లచ్చమ్మా పోయింది, అమ్మా నాన్నా పోయారు. ఇల్లు కాఫీ షాపుకి అద్దెకిచ్చాం. వాళ్ళు రాతి మీద ఏసీ యంత్రాలు పెట్టి, రంగురంగుల దీపాలు చుట్టారు. మొక్కేవాళ్ళు ఇంకెక్కడికో మళ్ళారు. సెంటిమెంట్‌కి చిరునామా మారడం ఎంతసేపు. ఈ కొండని చూస్తే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. గ్రానైట్ గుట్టని తవ్వి, లారీలకెత్తి, ఊరవతల పారబోసి, ఆ గుంటలో ఇల్లు కట్టి, ఇంట్లోకి ఇటలీ నుంచి రాళ్ళు తెప్పించుకుంటారు. మా నాన్నా తక్కువ తినలేదు, కానీ ఆయన కాలంలో సుత్తి దించిన మనుషులుండేవారు. ఇనపతీగకి భయం ఉండదు.

ఆ కోసిన ముఖం ముందు నిలబడి ఇంకో విషయం చూశాను, పుస్తకంలో ఉన్నా నేను ఎన్నడూ పట్టించుకోనిది. నల్లబండ చుట్టూ జానెడు మేర గ్రానైట్ కూడా దాని రంగులో లేదు. గులాబీ పోయి, నల్ల అభ్రకం పొలుసులతో మబ్బుపట్టినట్టు ఉంది. మింగింది కదా, ఒంటికి పట్టింది. గారెలు తీసేశాక మిగిలిన పాకం పాకంలా ఉండదు. మేము పిల్లలకి ఎప్పుడూ మింగబడిన రాయికి ఏమైందో చెప్పేవాళ్ళం, అర మార్కు ప్రశ్నకి కూడా మింగినదాని గురించి అడిగేవాళ్ళం కాదు.

బిల్డర్‌తో వాదించాను. ఆయన చేతులు కట్టుకుని, మేడమ్ గారూ మేడమ్ గారూ అంటూ ఎంతో మర్యాదగా విన్నాడు. రెండున్నర వందల కోట్ల ఏళ్ళ రాయండీ అంటే, అవునా అండీ, మంచి పాలిష్ వస్తదండీ అన్నాడు. ఆ ముక్కనే కోయించి లిఫ్టు దగ్గర గోడకి పెట్టిస్తానని, పక్కన ఇత్తడి పలక మీద నా పేరు వేయిస్తానని మాటిచ్చాడు. పలకల కింద కోస్తే ఆ అంచులూ నరాలూ మబ్బూ ఎక్కడివక్కడ తెగిపోతాయని చెప్పాను. ర్యాంపు ఇంకోవైపు జరిపితే ఆయనకి కొన్ని పార్కింగులు తగ్గుతాయి, అంతే అన్నాను. అంతే అన్న మాట దగ్గర ఆయన మర్యాద ఆగిపోయింది. మిగతా కోత రేపు పదింటికి అన్నాడు. కిశోర్ నన్ను ఆటో దాకా సాగనంపుతూ, అక్కా, నీతో వాదించి ఎవరైనా గెలవడం మొదటిసారి చూశాను అని మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఎర్రగడ్డ మార్కెట్లో దిగాను. పసుపు అరకిలో, కుంకుమ, వేపమండలు, నిమ్మకాయలు కొన్నాను. పూజాసామాన్ల కొట్లో వెండిరంగు కళ్ళు అడిగితే, సైజెంత అమ్మా అన్నాడు. గేదెకి సరిపడా ఇవ్వమన్నాను. వాచ్‌మన్ టీకి వెళ్ళిన సమయం చూసి ఆ పరుపంత ముఖం మీద, నల్లబండ నడుమ, రెండు చేతులా పసుపు పూశాను. అంచుల మీద మాత్రం పూయలేదు, అవి కనపడాలి. కళ్ళు అతికించాక వెనక్కి వచ్చి చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందకి ఉన్నాయి. చెప్పానుగా, నా డ్రాయింగ్ ఘోరం. దేవుడి మీద నాకు నమ్మకం లేదు, ఆ రోజు కూడా లేదు. జూబిలీ హిల్స్ మీద ఉంది.

పదింటికి బిల్డర్ కారు దిగాడు. రాయి చూశాడు. ఫోన్‌లో మాట్లాడుతున్నవాడు, తర్వాత చేస్తానని పెట్టేశాడు. బూట్లు విప్పుకుని, సాక్సులతో ఆ తెల్లబురదలో నిలబడ్డాడు.

"నిన్న చెప్పలేదేంటండీ? ఏ అమ్మవారండీ?"

"మీదే ఊరండీ?"

"భీమవరం పక్కనండీ."

"మావుళ్ళమ్మ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. సిద్దిపేట నుంచి వచ్చిన సైట్ ఇంజినీరు నా పక్కకి జరిగి, మేడం, మైసమ్మ గదా అని మెల్లగా అడిగితే, నీకు అనుమానమేంటి బాబూ అన్నాను. ప్లాన్లు బయటికి తీశారు. ర్యాంపు గీత మీద వేళ్ళు పెట్టి, జనరేటర్ గదిని ఎటు జరపాలా అని ఇద్దరూ తలలు ఆనించి గొణుక్కుంటున్నారు. అప్పుడు ఇనపతీగ యంత్రం నడిపే రాజస్థాన్ మనిషి, నెరిసిన మీసాలాయన, తీగ చుట్ట చుట్టడం ఆపి, తలకి గుడ్డ కప్పుకుని నా దగ్గరికి వచ్చాడు. కౌన్సీ మాతా హై, మేడంజీ?

నేను అలవాటు కొద్దీ ఊరు అడిగాను. ఆయన చెప్పిన ఊరి పేరు నేనెప్పుడూ వినలేదు, అక్కడి అమ్మవారెవరో నాకు బొత్తిగా తెలియదు. నా చదువంతా అక్కడితో అయిపోయింది. మీరే చెప్పండని అన్నాను, ఆప్ హీ బోలియే. ఆయన ఆ వంకరకళ్ళని, పసుపుని, దాని చుట్టూ చీరుకుపోయిన నల్లటి అంచుల్ని చాలాసేపు చూశాడు.

"జీణ్ మాతా?"

"హాఁ," అన్నాను. "వహీ."